యలమంద మాస్టారి రెండు నీడలు

నేను డాక్టరుని కాను. పెళ్ళయిన నాటి నుంచీ ఈ మాట మా అత్తగారికి చెబుతూనే ఉన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, వీధిలోకి వెళ్ళి "మా వకుళ క్యాన్సరు డాక్టరు" అని చెబుతూనే ఉన్నారు. నేను ఫిజిసిస్టుని. గడ్డ ఎక్కడుందో, దానికి ఎంత కిరణం తగలాలో డాక్టరు చెబుతారు. ఆ కిరణం ఏ కోణంలో వెళ్ళాలి, దారిలో ఎంత కరిగిపోతుంది, గడ్డకి ఎంత చేరుతుంది, పక్కనున్న మంచి కండని ఎంత కాలుస్తుంది అని లెక్క కట్టడం నా పని. లెక్క తప్పితే గడ్డ బతుకుతుంది, మనిషి పోతాడు. ఇది గొప్ప ఉద్యోగమని నేను చెప్పుకోను గానీ, "కంప్యూటరు ముందు కూర్చోడమేగా" అంటే మాత్రం ఊరుకోను.

గోపిదేశి యలమంద మాస్టారు మొదటిసారి గుంటూరులోని మా ఆసుపత్రికి వచ్చినప్పుడు కిరణాల యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇది యే ఊరి టీమమ్మా?" అని అడిగారు. నరసరావుపేట అవతల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి. కబడ్డీ అంటే ప్రాణం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఉసిరికాయంత గడ్డ. జన్మలో బీడీ ముట్టనివాడికి ఇది రావడమేమిటని ఆయనకు మహా కోపం. అంపైరు అమ్ముడుపోయినట్టు మాట్లాడేవారు.

"పల్నాట్లో నా కూత తెలవనోడు లేడు డాక్టరమ్మా. ఒక్కసారి దమ్ము పట్టి గీత దాటానంటే అవతల సగం మంది చచ్చేదాకా ఊపిరి పీల్చేవాణ్ణి కాదు."

"డాక్టరుని కాదండీ."

"ఊపిరాడటంలేదని ఆస్పత్రికొచ్చి ఊపిరి గురించి గొప్పలేందయ్యా," అంది పక్కనే ఉన్న ఆయన భార్య తిరుపతమ్మ. మాస్టారు మా పెద్ద డాక్టరు ప్రభుదాస్ గారి వైపు తిరిగి తన షరతు చెప్పేశారు. గడ్డ పోవాలి, కూత ఉండాలి. కూత పోయేటట్టయితే వైద్యమే వద్దు.

ప్రభుదాస్ గారు మెత్తని మనిషి. సరేనన్నారు. గడ్డ చుట్టూ మామూలుగా వదిలే జాగా తగ్గించి, కిరణాన్ని ఇరుగ్గా గీయమన్నారు.

ఇక్కడే నాకూ ఆయనకూ పేచీ మొదలైంది.

ఆ సంవత్సరం మా ల్యాబులో నీడలు కట్టడం కొత్తగా మొదలుపెట్టాం. పేషెంటు ఛాతీకి ఒక బెల్టు కట్టి ఇంటికి పంపిస్తాం. వారం పాటు అది ఊపిరిని నమోదు చేస్తుంది. ఒక సాయంత్రం మాస్టారి ఊపిరి గీత పిచ్చిపట్టినట్టు ఎగిరెగిరి పడుతుంటే నేను కంగారుగా ఫోన్ చేశాను. "ఏం లేదమ్మా, టీవీలో కబడ్డీ," అంది తిరుపతమ్మ. ఆ ఊపిరినీ, స్కానులో కనిపించిన లోపలి రూపాన్నీ కలిపి యంత్రం ఒక మనిషిని కడుతుంది. గాజు తెర మీద ఆ మనిషి పడుకుని ఊపిరి తీస్తుంటాడు, దగ్గుతాడు, దగ్గు స్పీకర్లో వినిపిస్తుంది. అసలు మనిషికి పెట్టబోయే కిరణం ముందు ఈ నీడకి పెట్టి, ఆపైన కాలాన్ని తిప్పుతాం. మధ్యాహ్నం భోజనాల నుంచి సాయంత్రం టీ దాకా నీడకి రెండేళ్ళు గడుస్తాయి. మనకి రాబోయేది వాడికి ముందే వస్తుంది.

కిరణం ఎక్కడ ఎంత పడిందో నీడకి చెప్పేది మాత్రం లెక్కే. ఆ లెక్కలు రెండున్నాయి. ప్రభుదాస్ గారిది పాత లెక్క. దానికి మనిషంటే నీళ్ళబిందె. పొత్తికడుపులో గడ్డయితే అది చక్కగా పనిచేస్తుంది, అక్కడ మనిషి నిజంగానే నీళ్ళబిందె కాబట్టి. ఊపిరితిత్తి అలాకాదు, అది ఇడ్లీ. ఎక్కడ చూసినా గాలి బొక్కలే.

"అయితే ఏందంట?" అన్నారు మాస్టారు.

"కిరణం తగిలినచోట సన్నసన్నటి రేణువులు లేస్తాయి మాస్టారూ. అసలు దెబ్బ కొట్టేవి అవే. కండలో అయితే కాస్త దూరం పోయి కూలబడతాయి. గాలిలో అడ్డేముంది? పక్కకి పారిపోతాయి. గడ్డ నడుమ గట్టి దెబ్బే తగులుతుంది, అంచులో తగిలీ తగలనట్టు. కొత్త లెక్క ఒక్కో రేణువు వెంటా పడి, అది ఎక్కడ కూలబడిందో చూసి వస్తుంది."

"అంటే రైడరు కోర్టు దాటి బయటికి పోతన్నాడు, పాత అంపైరుకి కనపళ్ళేదు."

ఇంత బాగా నేను మా మెడికల్ కాన్ఫరెన్సులో కూడా చెప్పలేకపోయాను. ప్రభుదాస్ గారికి మాత్రం పాత అంపైరన్న మాట గుచ్చుకుంది. "ఆ లెక్కతోనే ఇంతమందిని బతికించానమ్మా వకుళా," అన్నారు. అది అబద్ధం కాదు.

సరే, రెండూ చూద్దామన్నాం. ఒకటే కిరణం, ఒకటే గడ్డ, రెండు నీడలు. ఎడమ తెర మీద పాత లెక్క ప్రకారం మాస్టారు, కుడి తెర మీద కొత్త లెక్క ప్రకారం మాస్టారు. అసలు మాస్టారు మధ్యలో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, సెలెక్షన్లకి వచ్చిన కుర్రాళ్ళని చూసినట్టు ఇద్దరినీ చూశారు.

మొదటి ఆర్నెల్లూ ఇద్దరూ బాగున్నారు. తర్వాత కుడివైపు నీడ ఊపిరితిత్తిలో గడ్డ అంచున చిన్న చుక్క మిగిలింది. చుక్క బఠాణీ అయింది, బఠాణీ ఉసిరికాయ అయింది. ఆ నీడ దగ్గడం మొదలుపెట్టాడు. ఎడమవైపు వాడు మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

"ఎడమోడే నేను. చూస్తే తెలవటంలా, ఆ ఛాతీ? కుడోడెవడో నాకు తెలవదు. పోదాం పదండి డాక్టరుగారూ, టీ తాగుదాం," అన్నారు మాస్టారు. ప్రభుదాస్ గారి ముఖం కూడా విప్పారింది. మంచిమాట చెప్పిన జ్యోతిష్కుడి ఇంటికే మనమంతా మళ్ళీ మళ్ళీ వెళతాం, పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళం కూడా. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ క్యాంటీనుకి పోయారు.

తిరుపతమ్మ లేవలేదు. కుడి తెర ముందుకి కుర్చీ జరుపుకుంది.

"ఆపేస్తానండీ," అన్నాను. "అది బొమ్మ. లెక్కల బొమ్మ."

"తెలుసమ్మా. కానీ దగ్గు మా సారుదే." ఆవిడ తెర వైపే చూస్తోంది. "పోయేటప్పుడు పక్కన మనిషి లేకపోతే ఎట్టా? ఉండనీ."

నేను ఆపలేకపోయాను. నీడ ఊపిరి గీత చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఒక దగ్గు, తర్వాత లేదు. ఆవిడ గాజు మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఈ యంత్రం గురించి సభల్లో గొప్పగా మాట్లాడాను గానీ, దాని ముందు ఇలా ఎవరో ఒకరు కూర్చోవలసి వస్తుందని ఆలోచించలేదు.

మర్నాడు నేను ఉక్రోషంతో ఒక బొమ్మ ఛాతీ తయారుచేశాను. ఊపిరితిత్తుల బదులు బెరడు పలకలు పేర్చాను, సీసా మూతలకి పెట్టే మెత్తటి బెరడు. దాని మధ్యలో మైనపు గడ్డ, గడ్డ అంచున కిరణాన్ని కొలిచే చిన్న బిళ్ళ. ప్రభుదాస్ గారిని పిలిచి, ఆయన గీసిన కిరణమే పెట్టాను. బిళ్ళ చూపించిన అంకె కొత్త లెక్కతో సరిపోయింది. పాత లెక్కకి ఆమడ దూరంలో ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు. గెలిచానన్న సంతోషం నాలో అప్పుడే చచ్చిపోయింది.

"మరి నా పాత పేషెంట్లు ఎట్లా బతికారమ్మా?"

"మీకు లెక్క మీద అనుమానం ఉండేది సార్. ఎప్పుడూ ఒక వేలెడు ఎక్కువ గీసేవారు. వాళ్ళని బతికించింది మీ అనుమానం. ఈసారి మాస్టారి కూత కోసం ఆ వేలెడూ తీసేశారు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని "అయితే వెడల్పు చేసి చూడు," అన్నారు.

చేశాం. ఆ నీడ బతికాడు. కానీ మంచి ఊపిరితిత్తి కూడా కాలి, అట్టగట్టింది. వాడితో మెట్లెక్కిస్తే మూడో మెట్టు మీద కూర్చున్నాడు. స్పీకర్లో ఒగర్పు తప్ప మాట లేదు. మాస్టారు చూసి లేచి నిలబడ్డారు.

"ఆ బతుకు నాకొద్దు."

"నీకెవరిచ్చారయ్యా?" అంది తిరుపతమ్మ. "అది నాకు కావాలి."

మాస్టారు నోరు తెరిచి మళ్ళీ మూశారు. ఆ ఇంట్లో అది అరుదైన సంఘటన అని నాకు ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

ఇంకొక దారి ఉంది. నిండా ఊపిరి పీల్చి బిగబడితే గడ్డ కదలదు. ఎటూ కదలని గడ్డకి, అంచున దెబ్బ కాస్త పెంచి, కిరణాన్ని ఇరుగ్గానే పెట్టవచ్చు. కొత్త లెక్క దీనికి ఒప్పుకుంది. ఆ నీడ రెండేళ్ళ తర్వాత కూడా బాగున్నాడు. అయితే ఊపిరి నిజంగా కదలకుండా ఉండాలి. కదిలితే దెబ్బ గడ్డకి కాక మంచి కండకి తగులుతుంది, అందుకని యంత్రం తనంతట తాను కిరణం ఆపేస్తుంది.

ఈ మాట వినగానే మాస్టారు ఒళ్ళు విరుచుకున్నారు. "ఊపిరి బిగబట్టడమా? నన్నా అడిగేది? అసలైనోడి దగ్గరికే వచ్చింది మీ మిషను!"

రిహార్సల్లో బల్ల మీద పడుకోబెట్టి, పక్క గదిలోంచి మైకులో "ఊపిరి పీల్చి పట్టండి" అన్నాను. పీల్చారు, పట్టారు. తెర మీద గీత నిటారుగా లేచి, నిలబడకుండా, పంక్చరైన సైకిలు ట్యూబులా మెల్లమెల్లగా దిగిపోయింది. యంత్రం కుయ్యిమని ఆగింది. మళ్ళీ చేయించాను. మళ్ళీ దిగింది.

"గాలి వదులుతున్నారు మాస్టారూ."

"నేనా? నా ముక్కులోంచి గాలి పోతే నాకు తెలవదా? మీ బెల్టు లూజు."

బెల్టు మార్చాను. మళ్ళీ అంతే. ప్రభుదాస్ గారు తెర మీద ఆయన ముఖాన్ని పెద్దది చేయమన్నారు. చూద్దుము కదా, మూసిన పెదాలు సన్నగా వణుకుతున్నాయి. ఒకే లయలో, ఆగకుండా.

"మాస్టారూ," అన్నాను, "మీరు లోపల కూత పెడుతున్నారా?"

"పెట్టకుండా ఎట్టా?" అన్నారు ఆశ్చర్యపోయి. "ఊపిరి పట్టినాక ఇంకేం చేస్తారు?"

అదీ సంగతి. కూత పెట్టడమంటే ఊపిరిని దాచడం కాదు, పీల్చకుండా ఉన్నదాన్ని పొదుపుగా కొంచెం కొంచెం ఖర్చు పెట్టడం. చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన విద్య. ఛాతీ నిండగానే లోపల కబడ్డీ కబడ్డీ మొదలై, గాలి సన్నగా జారిపోతోంది. పల్నాట్లో అందరి మీదా గెలిపించిన ఆ విద్యే ఇప్పుడాయన్ని చంపేటట్టుంది.

ఏమీ ఆలోచించకండి అన్నాం. నిద్రలో తప్ప అట్టా ఉండలేనన్నారు. "నిద్రలో కూడా కూతే," అంది తిరుపతమ్మ. ప్రభుదాస్ గారు మనసులో ఎక్కాలు చదవమన్నారు. ఎక్కాలు కూతలో కలిసిపోయి, గీత మునుపటికన్నా తొందరగా దిగింది. నాకు చిరాకు నషాళానికంటింది.

"ఆటలో కూత పెట్టకుండా ఉండే సమయమే ఉండదా మాస్టారూ మీకు?"

"ఎందుకుండదు? అవతలోడు కూతకొచ్చినప్పుడు మనం మాట్లాడం. కాచుకుని ఉంటాం."

"అయితే ఆ యంత్రమే కూతకొచ్చిందనుకోండి."

అనుకున్నారు. ఊపిరి అద్భుతంగా నిలబడింది. యంత్రం చెయ్యి ఆయన మీదుగా తిరగడం మొదలవగానే మాస్టారు బల్ల మీంచి లేచి దాని మణికట్టు దగ్గర ఒడిసి పట్టుకున్నారు. దాన్ని విడిపించడానికి నేనూ ప్రభుదాస్ గారూ ఇద్దరం వెళ్ళాల్సొచ్చింది. రిపేరుకి వచ్చిన ఇంజనీరుకి ఏం జరిగిందో చెప్పలేక "వోల్టేజి" అన్నాం.

"ఇంకెప్పుడూ లేదా?" అన్నాను నీరసంగా.

మాస్టారు గొణిగారు. "ఔటైనప్పుడు. చచ్చినోడు గీత అవతల నోరుమూసుకుని కూర్చోవాలి."

"అయితే అలా కూర్చోండి."

"నేనా?" ఆయన గొంతు లేచింది. "చచ్చి గీత బయట కూర్చుంటమా? నా సర్వీసులో అట్టా కూర్చోలా. ఆటలో ఉండి చస్తా గానీ బయట కూర్చోను. కావాలంటే ఆ మొదటి ఇరుకుదే పెట్టండి, పోతే పోతా."

తిరుపతమ్మ లేచి, నన్నడక్కుండానే యంత్రం గదిలోకి వెళ్ళి, బల్ల పక్కన నిలబడింది. మైకు ఆన్లో ఉంది కాబట్టి నాకంతా వినిపించింది.

"నీకు తెలవదు. నువ్వు టీకి పోయావ్. నేను చూశా. ఆ గాజులో నువ్వు పోతా ఉంటే పక్కన కూర్చుని చూశా. బొమ్మేలే అని ఎంత అనుకున్నా నా వల్ల కాలా. ఇంకోసారి చూడలేను." ఆవిడ ఆయన మీదికి వంగింది. "మీ ఆటలో చచ్చినోణ్ణి బతికిస్తారా, బతికించరా?"

"...మనోడు అవతలోణ్ణి కొట్టొస్తే బతుకుతాం."

"ఆ కిరణం నీ వాడే. కూతకి వాణ్ణి పోనీ. వాడు కొట్టొచ్చిందాకా నువ్వు గీత బయట కూర్చో. నోరుమూసుకుని కూర్చో."

ఆవిడ బయటికొచ్చింది. నేను మైకులో "పీల్చి పట్టండి" అన్నాను. గీత లేచింది, నిలబడింది, కదల్లేదు. పెదాలు కదల్లేదు. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి గానీ ఛాతీ మాత్రం కదల్లేదు. ఇక రిహార్సలు చాలనుకున్నాం. కిరణం వెళ్ళింది, కొట్టింది, వచ్చింది.

అన్ని విడతలూ అలాగే అయ్యాయి. ఏడాది తిరిగాక తీసిన స్కానులో గడ్డ ఉన్నచోట సన్నటి మచ్చ తప్ప ఏమీ లేదు. అంచులోనూ లేదు. కూత కొంచెం పొట్టిదైంది, అయినా ఆసుపత్రి వరండాలో వద్దన్నా పెట్టి చూపించారు. ప్రభుదాస్ గారు పాత లెక్కని ఊపిరితిత్తుల దగ్గరికి రానివ్వనని నా ముందు ఒట్టు పెట్టుకున్నారు. అనుమానం మాత్రం వదల్లేదు. వదలొద్దని నేనే చెప్పాను.

అంతా బాగుందనుకుని నేను ఫైలు మూస్తుంటే తిరుపతమ్మ మెల్లగా అడిగింది. "అమ్మా, కుడి తెరలో ఆయన్ని ఏం చేశారు?"

"తుడిచేశామండీ. అప్పుడే."

"పోయినోడికి ఎవరూ ఏమీ చెయ్యలేదు. కలలోకొచ్చి దగ్గుతున్నాడు. ఏడాది దాటిపోయింది." ఆవిడ సంచిలోంచి టిఫిన్ క్యారియరు తీసింది. అన్నం, పప్పు, గారెలు, ఒక విస్తరాకు.

మాస్టారు కుర్చీలోంచి ఎగిరి పడ్డారు. "నేను బతికుండంగా నాకు పిండం పెడతావంటే?"

"నీకు కాదు. ఆయనకి."

"ఆయనంట! ఎవడాయన?"

ప్రభుదాస్ గారు తల పట్టుకున్నారు. డాబా మీదైతే చచ్చినా ఒప్పుకోనన్నారు. ఆసుపత్రి నెత్తిన పిండం కనపడితే ఉన్న పేషెంట్లు కూడా పారిపోతారని ఆయన బాధ. చివరికి క్యాంటీను వెనక ప్రహరీ గోడ మీద విస్తరి పెట్టించి, తనూ వచ్చి నిలబడ్డారు. కరెంటు తీగ మీద కాకి ఉంది. రాలేదు.

పోయినవాడి కోరిక చెబితేగాని కాకి ముట్టదని మనకందరికీ తెలుసు. ఇల్లు అమ్మంలే అని చెప్పింది తిరుపతమ్మ. కాకి ముక్కు తీగకేసి రుద్దుకుంది. మనవరాలిని బాగా చదివిస్తాంలే అంది. కాకి అటు తిరిగింది. "కూత పోలేదని చెప్పండి," అని ప్రభుదాస్ గారు గుసగుసగా సలహా ఇచ్చారు. అదీ పనిచేయలేదు.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "వాడి కోరిక నీకు తెలవదా? నువ్వే గదా వాడు. చెప్పు."

"మిరపకాయ బజ్జీ," అన్నారు మాస్టారు వెంటనే. కాకి రాలేదు. మేం నవ్వాం, ఆయన నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి విస్తరి అంచు సర్దారు.

"ఆ బల్ల మీద పడుకున్నప్పుడు రోజూ ఒకటే అనుకున్నానే. జిల్లా అంతా ఆడా. యాడికీ నిన్ను తీసుకుపోలా. ఆడాళ్ళు గ్రౌండుకి రారని అన్నా. నా ఆట నువ్వు చూడకుండానే అయిపోయింది."

కాకి కదల్లేదు. తిరుపతమ్మ ముక్కు చీది, కొంగు దోపుకుంది.

"కాకి సంగతి కాకి చూసుకుంటది. ఇప్పుడు యాడన్నా మ్యాచి ఉందా?"

"సత్తెనపల్లిలో ఉంది. ఆదివారం. కుర్రోళ్ళది."

"పద, మంచి చీర యాడుందో వెతకాలి," అని ఆవిడ క్యారియరు గోడ మీదే వదిలేసి గేటు వైపు నడిచింది. ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళారు. నేనూ ప్రభుదాస్ గారూ వాళ్ళు ఆటో ఎక్కేదాకా అటే చూస్తూ నిలబడ్డాం. కాకి వచ్చిందో లేదో ఎవరం చూడలేదు.